సన్న బాణం మంచిదే, మెడ దగ్గరే ఓర్చుకోదు

టెక్సస్ హిల్ కంట్రీలో వైట్‌టెయిల్ జింకల వేటకి కాంపౌండ్ విల్లుతో (కప్పీలున్న విల్లు) 4 మిల్లీమీటర్ల కార్బన్ బాణాలు కొన్ని సీజన్లుగా వాడుతున్నాను. గాలికి తక్కువ కొట్టుకుపోతాయి, లోతుగా దిగుతాయి అని అందరూ చెప్పేది నిజమే. షాఫ్ట్, అంటే బాణం కాడ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కోపమంతా మొన బిగించడానికి దాని కొసకు అంటించే అల్యూమినియం ముక్క, అవుట్‌సర్ట్ మీదే.

షాఫ్ట్ లోపలి రంధ్రం 0.166 అంగుళాలే. మామూలు మర ఉన్న బ్రాడ్‌హెడ్ (వేటకి వాడే బ్లేడ్ల మొన) అందులో పట్టదు. అందుకని సగం లోపల, సగం బయట ఉండే ముక్కను అంటిస్తారు, మర బయటి సగంలో ఉంటుంది. అంటే మొన మోసే భారం షాఫ్ట్ గోడ ఆసరా అయిపోయిన చోటే పడుతుంది. జింకలోంచి దూసుకెళ్లిన బాణం అవతలి సున్నపురాయికి వాలుగా తగిలిందంటే, పొడవాటి బ్రాడ్‌హెడ్ గడ్డపారలా పనిచేసి ఆ మెడని వంచేస్తుంది. భుజం ఎముక తగిలినా అంతే.

ఆ వంపు కంటికి ఆనదు. ఫీల్డ్ పాయింట్ (బ్లేడ్లు లేని సాధన మొన) బిగించి 20 గజాల్లో కొడితే బాణాలన్నీ ఒక్కచోటే పడతాయి. బ్లేడ్లున్న మొన పెట్టగానే ఆ బాణం 30 గజాల్లో పక్కకు పోతుంది, ఎందుకంటే వంకరగా కూర్చున్న బ్లేడ్లు ముందునుంచే దారి మళ్లిస్తాయి. అప్పుడు చాలామంది విల్లు మీద బాణం ఆనే రెస్ట్ జరుపుతారు, గురి చూసే సైట్ తిప్పుతారు. మిగతా బాణాలు సరిగ్గా పోతూ ఏ ఒక్కటో తప్పుతోందంటే విల్లు జోలికి పోకూడదు. బాణాన్ని స్పిన్నర్ (బాణాన్ని ఆనించి గిరగిరా తిప్పే స్టాండు) మీద తిప్పి మొన కొస చూడాలి. ఊగితే, అదే బ్రాడ్‌హెడ్‌ని మంచి బాణానికి బిగించి మళ్లీ తిప్పాలి. అక్కడ నిలకడగా తిరిగితే వంకర అవుట్‌సర్ట్‌దో షాఫ్ట్‌దో. రాయికి తగిలిన బాణాన్ని రెండు కొసలు పట్టుకుని కొద్దిగా వంచి, చుట్టూ తిప్పుతూ చెవి పెట్టి వినాలి. చిటపటమంటే విరిచి పారేయాల్సిందే. పగిలిన కార్బన్ బాణం వదిలేటప్పుడు విరిగి చేతిలోకి దిగుతుంది.

అల్యూమినియం బదులు స్టీలు అవుట్‌సర్ట్ వేస్తే ఈ బెడద చాలావరకు తగ్గింది. అంటించే ముందు షాఫ్ట్ కొస అంచుకి మార్కర్ పూసి, స్క్వేరింగ్ రాయి (కొసని నిటారుగా అరగదీసే సాధనం) మీద రంగు చుట్టూ సమంగా పోయేదాకా అరగదీయాలి. ఆల్కహాల్‌తో తుడిచి ఎపాక్సీ రాసి, తిప్పుతూ దింపి, గట్టిపడకముందే ఒకసారి స్పిన్ చూడాలి. ఆరడానికి రోజంతా వదలాలి.

కానీ స్టీలు వల్ల బాణం ముందు భాగంలో 25 గ్రెయిన్ల (బాణాల బరువు కొలత) బరువు పెరిగితే షాఫ్ట్ మరింత మెత్తగా ప్రవర్తిస్తుంది. నాది 60 పౌండ్ల డ్రా (విల్లు లాగే బలం), 28 అంగుళాల బాణం, 100 గ్రెయిన్ల మొన. 340 స్పైన్ (షాఫ్ట్ బిరుసు కొలత, అంకె తగ్గేకొద్దీ బిరుసు ఎక్కువ) కాబట్టి తట్టుకుంది, 400 అయితే నేను నమ్మను. మొత్తం బరువు 440 నుంచి 465 గ్రెయిన్లకు పోయింది. కొద్దిగా వేగం తగ్గింది, 30 గజాల లోపు అది లెక్కలోకి రాదు.

విజయవాడలో కాంపౌండ్‌తో 50 మీటర్ల టార్గెట్ కొట్టేవాళ్లకి ఈ గొడవ లేదు, వాళ్ల బాణానికి ఎముకా రాయీ అడ్డం రావు. గాలి బాగా వీచే బయళ్లలో 40 గజాలు దాటి కొట్టేవాళ్లు స్టీలు వేసుకుని 4 మిల్లీమీటర్లే ఉంచుకోవచ్చు. నాలాగా చెట్ల మధ్య, రాతినేల మీద, దగ్గరగా కొట్టేవాళ్లకి మాత్రం 5 మిల్లీమీటర్లవే నయమనిపిస్తోంది. అందులో మర ఉన్న ముక్క, అంటే ఇన్సర్ట్, పూర్తిగా లోపలికి దిగుతుంది, మొన కాడకి షాఫ్ట్ గోడే కాపు. అయితే మొన నేరుగా కార్బన్ అంచుకే ఆనుతుంది కాబట్టి ఆ కొస చీలకుండా పైన అల్యూమినియం కాలర్ ఒకటి తొడగాలి.