పోరు మ్యాప్: అచ్చు వేయించాలా, చేత్తో గీయాలా, తెర మీద పెట్టాలా?

ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మారి బల్ల చుట్టూ కూర్చుని కథను నడిపించే డంజన్స్ అండ్ డ్రాగన్స్ వంటి టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో కథ మాటలతో నడిచినంతసేపూ మ్యాప్ అవసరం పెద్దగా ఉండదు. కత్తులు దూసిన క్షణం నుంచి మాత్రం ఎవరు తలుపుకు దగ్గరగా ఉన్నారు, విలుకాడికి శత్రువు కనిపిస్తున్నాడా, మంత్రం వేస్తే మనవాళ్లలో ఎవరికైనా తగులుతుందా అన్న ప్రశ్నలు వరసగా వస్తాయి. అయిదుగురు ఆటగాళ్ల ఊహల్లో ఆ గది అయిదు రకాలుగా ఉంటుంది కనుక ఆ ప్రశ్నలకు మాటలతో జవాబు కుదరదు. నేను హైదరాబాదులో ఒక చిన్న బృందానికి ఆరేళ్లుగా డీఎంగా, అంటే ఆట నడిపే మనిషిగా ఉంటున్నాను. మొదటి మూడేళ్లు అందరం ఒకే బల్ల చుట్టూ కూర్చునేవాళ్లం. తరువాత ఇద్దరు డాలస్ వెళ్లిపోవడంతో ఆట ఆన్‌లైన్‌కు మారింది. అచ్చు మ్యాప్, తుడిచి మళ్లీ గీసే మ్యాప్, తెర మీది మ్యాప్ మూడింటినీ వాడిన మీదట నాకు తేలింది ఒక్కటే: మ్యాప్‌ను అందం చూసి ఎంచుకోకూడదు. అది కొలతను ఎంత నమ్మకంగా చూపుతుంది, ఆటగాళ్లు ఇంకా చూడనిదాన్ని ఎంత బాగా దాస్తుంది అన్న రెండు విషయాలను బట్టి ఎంచుకోవాలి.

కొలత సంగతి ముందు చూద్దాం. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను వెలువరించినప్పుడు అది బల్ల మీది యుద్ధక్రీడల నుంచి పుట్టింది కనుక దూరాలను అంగుళాల్లోనే చెప్పేది. ఈనాటి వాడుకలో బల్ల మీది ఒక అంగుళం గడి కథలోని 5 అడుగులకు సమానం. మామూలు మనిషి ఒక వంతులో 30 అడుగులు, అంటే ఆరు గడులు కదులుతాడు. ఫైర్‌బాల్ మంత్రానికి 20 అడుగుల వ్యాసార్ధం ఉంటుంది కనుక దాని మంట ఈ చివరి నుంచి ఆ చివరికి ఎనిమిది గడులు పరుచుకుంటుంది. గడి నిజంగా అంగుళం ఉంటే పాత్రకు గుర్తుగా పెట్టే మినియేచర్ బొమ్మ అందులో సరిగ్గా కూర్చుంటుంది. బొమ్మలు లేకపోయినా ఫరవాలేదు, రూపాయి బిళ్ల రెండు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి గడిలో చక్కగా ఇముడుతుంది. క్యారమ్ బిళ్ల మాత్రం మూడు సెంటీమీటర్లు దాటి పక్క గడిలోకి చొచ్చుకుపోతుంది.

అచ్చు మ్యాప్ ఓడిపోయేది సరిగ్గా ఇక్కడే. ఇంట్లోని ప్రింటర్ మీద ఏ4 కాగితాలకు ముక్కలుగా తీయాలంటే, అంచులూ అతికించే చోటూ పోగా ఒక్కో కాగితానికి ఏడు గడుల వెడల్పు, పది గడుల పొడవు లెక్క వేసుకోవడం క్షేమం. ఆ లెక్కన తొమ్మిది కాగితాలతో 21 గడుల వెడల్పు, 30 గడుల పొడవున్న మ్యాప్ వస్తుంది. అడోబ్ రీడర్‌లోని పోస్టర్ పద్ధతి ఈ ముక్కలను దానంతట అదే చేస్తుంది, కత్తిరించే గీతలు కూడా వేస్తుంది. అయితే 'ఫిట్ టు పేజ్' అన్న ఎంపిక పొరపాటున ఉండిపోతే ప్రతి గడీ కొంచెం కుదించుకుపోతుంది, తొమ్మిది కాగితాలూ అతికించాక గాని ఆ సంగతి తెలియదు. నేలమాళిగల మ్యాపులు నల్లని నేపథ్యంతో ఉంటాయి కనుక ఇంకు కూడా విపరీతంగా తాగుతాయి. అచ్చుకు వెళ్లేవారు నేపథ్యం తీసేసి గోడల గీతలు మాత్రమే ఉంచిన కూర్పును వాడితే మంచిది.

తెలుగు ఊళ్లలో ఉన్న ఆటగాళ్లకు ఇంకో సదుపాయం ఉంది. పుట్టినరోజు మొదలుకొని పెళ్లి దాకా అన్నింటికీ ఫ్లెక్సీలు వేసే దుకాణం ప్రతి ఊళ్లోనూ ఉంటుంది, చదరపు అడుగు లెక్కన పెద్ద మ్యాప్‌ను కూడా అతుకులు లేకుండా ఒకే ముక్కగా వేసి ఇస్తుంది. 30 గడుల పొడవు, 20 గడుల వెడల్పు ఉన్న మ్యాప్‌కు నాలుగు చదరపు అడుగుల పైచిలుకు సరిపోతుంది. నీళ్లు పడినా, టీ ఒలికినా చెక్కుచెదరదు. నేను వేయించిన మొదటి ఫ్లెక్సీ మాత్రం పాడైంది. దుకాణంలోని కుర్రాడు ఎంతో శ్రద్ధగా, "మూడు బై రెండు కొట్టేసినా అన్నా, సైజు మంచిగ నిండింది" అని చుట్టి చేతికిచ్చాడు. అంటే 30 అంగుళాలు ఉండవలసిన పొడవు 36 అంగుళాలైంది, ప్రతి గడీ అంగుళం కంటే అయిదో వంతు పెరిగింది. బొమ్మలు నిలబడ్డాయి గాని, అట్ట కత్తిరించి చేసుకున్న ఫైర్‌బాల్ వలయం ఎనిమిది గడులకు బదులు ఆరున్నర గడులు దాటగానే ఆగిపోయింది. తప్పు అతనిది అనలేను, ఫ్రేము నిండా బొమ్మ రావాలనే వాళ్లను అందరూ అడుగుతారు. ఆనాటి నుంచి మ్యాప్ అంచున పది అంగుళాల గీత ఒకటి వేసి, దాని పక్కన '25.4 సెంటీమీటర్లు' అని రాసి ఇస్తున్నాను. డబ్బులు ఇచ్చే ముందు ఆ గీత మీద స్కేలు పెట్టి చూసుకుంటే సరిపోతుంది. ఫ్లెక్సీకి ఉన్న ఇంకో లోపం మెరుపు. ట్యూబులైటు కింద సగం మ్యాప్ తెల్లగా మెరుస్తుంది కనుక మ్యాట్ రకం దొరికితే దాన్నే అడగాలి.

రెండో కొలబద్ద గుట్టు. సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేట మెట్లబావి పునరుద్ధరణ పూర్తయి 2022 డిసెంబరులో ప్రారంభమయ్యాక, దాన్ని చూసివచ్చిన ఉత్సాహంలో నేను ఒక మెట్లబావి మ్యాప్ గీశాను. మెట్ల అడుగున, నీటి అంచుకు ఎడమవైపు మూలలో, ఒక రాతి పలక కింద సొరంగం ఉంటుంది. కథంతా ఆ సొరంగం మీద ఆధారపడి ఉంది. రెండు వారాలు శ్రమపడి, అచ్చు వేయించి, బల్ల మీద పరిచాను. పరిచిన అర నిమిషంలో మా బృందంలోని దొంగ పాత్రధారి వంగి చూసి, ఆ పలక మిగతా పలకల కంటే కొంచెం ముదురు రంగులో ఉందని వేలు పెట్టి చూపించింది. మరుసటి ఆటకు బావిలో సగాన్ని నల్ల చార్టు ముక్కలతో కప్పి ఉంచి, ఆటగాళ్లు ముందుకు నడిచేకొద్దీ ఒక్కొక్కటీ తీయాలని చూశాను. పై ఫ్యాను గాలికి మూడు ముక్కలు ఒకేసారి లేచిపోయాయి. ఏప్రిల్ నెలలో ఫ్యాను ఆపమని ఎవరినీ అడగలేం కదా. ముక్కల మీద బిళ్లలు బరువుగా పెడితే నిలుస్తాయి గాని, ఏది బరువో ఏది సైనికుడో తెలియని గందరగోళం మొదలవుతుంది. అచ్చు మ్యాప్ మొత్తాన్ని ఒకేసారి చూపిస్తుంది, అది దాని స్వభావం. అందుకే దాచవలసింది ఏమీ లేని చోట్లకు, అంటే వంతెన మీది పోరుకో, సంతలో గలాటాకో, కోట గుమ్మం ముందు జరిగే చివరి యుద్ధానికో అది బాగా నప్పుతుంది.

తుడిచి గీసే మ్యాప్‌కు ఈ బాధ లేదు, ఎందుకంటే ఆటగాళ్లు చూసినంతవరకే గీస్తాం. తలుపు తెరిచినప్పుడు గది గీస్తాం, మలుపు తిరిగినప్పుడు నడవా గీస్తాం. గచ్చు మీద సుద్దముక్కతో అష్టాచెమ్మా గీసుకుని ఆడిన వాళ్లకు దీని సుఖం వేరే చెప్పనక్కర్లేదు. ఇందుకోసం గడులు వేసిన వినైల్ చాపలను చెసెక్స్ వంటి సంస్థలు చాలాకాలంగా అమ్ముతున్నాయి. వాటి మీద తడిగుడ్డతో పోయే మార్కర్లనే వాడాలి, వైట్‌బోర్డు మార్కర్ వాడితే మరక ఉండిపోవచ్చు. విదేశీ చాప కొననక్కర లేకుండా, ఖాళీ అంగుళం గడులను ఒక్కసారి ఫ్లెక్సీ మీద వేయించి, దాని పైన బల్లలకు కప్పే పారదర్శక ప్లాస్టిక్ షీటు పరుచుకుంటే అదే పని జరుగుతుంది. ఒక ఖర్చుతో ఏళ్ల తరబడి మ్యాపులు వస్తాయి. లోపం లేకపోలేదు: గీస్తున్నంతసేపు ఆట ఆగుతుంది. ఒక గది గీయడానికి రెండు నిమిషాలు మించితే ఆటగాళ్ల చేతులు ఫోన్ల వైపు వెళతాయి. అందువల్ల గోడలు, తలుపులు, అడ్డంగా ఉన్న స్తంభాలు మాత్రమే గీసి, గడ్డీ రాళ్లూ నోటితో చెప్పడం నాకు అలవాటైంది. గీతల మ్యాప్ చూసి ఎవరూ నిరాశపడలేదు. మెట్లబావిని మూడోసారి కొత్తవాళ్లతో ఆడినప్పుడు నలుచదరంలో నలుచదరం గీసి 'ఇవి మెట్లు' అన్నాను, సొరంగం చివరిదాకా సొరంగంగానే ఉండిపోయింది.

ఇక తెర మీది మ్యాప్. హైదరాబాదులో ఆదివారం ఉదయం ఏడు గంటలైతే వేసవిలో డాలస్‌లో శనివారం రాత్రి ఎనిమిదిన్నర. మా ఇద్దరు మిత్రులతో ఆడాలంటే ఇది తప్ప దారి లేదు, ఒకే ఊళ్లో ఉన్నవాళ్లకు మాత్రం ఇది తప్పనిసరి కాదు. ఇక్కడ కొలత సమస్య అంగుళాల నుంచి పిక్సెళ్లకు మారుతుంది. ఈ ఆటలను ఆన్‌లైన్‌లో ఆడించే సాఫ్ట్‌వేర్లలో, రోల్20లో గడికి మామూలుగా 70 పిక్సెళ్లు, ఫౌండ్రీలో 100. పైన చెప్పిన 30, 20 గడుల మ్యాప్‌ను గడికి 100 చొప్పున 3000, 2000 పిక్సెళ్లుగా తీసి, ఫైలు పేరులోనే '30బై20' అని రాసి పెట్టుకుంటే ఎక్కించేటప్పుడు గడులు కుదర్చడానికి తంటాలు పడనక్కర లేదు. బొమ్మలో గడి గీతలు వేయకుండా వదిలి, ఆ గీతలను సాఫ్ట్‌వేరునే వేయనివ్వాలి. రెండూ ఉంటే కొద్దిపాటి తేడాకే గీత పక్కన గీత పడి కళ్లు నొప్పి పుడతాయి. అదే మ్యాప్‌ను నాణ్యమైన అచ్చుకు పంపాలంటే అంగుళానికి 300 చొప్పున 9000, 6000 పిక్సెళ్లు కావాలి. ఆ పెద్ద ఫైలునే ఆన్‌లైన్ ఆటలోకి ఎక్కిస్తే మొబైల్ డేటాతో చేరిన ఆటగాడికి ఖాళీ తెరే కనిపిస్తూ ఉంటుంది. వెబ్‌పీ అనే బొమ్మల ఫైలు రూపంలో దాచుకుంటే ఫైలు బాగా చిన్నదవుతుంది.

గుట్టు విషయంలో మాత్రం తెర మీది మ్యాప్‌ను ఏదీ దాటలేదు. గోడలు ఎక్కడున్నాయో సాఫ్ట్‌వేరులో గీసి పెడితే, కాగడా పట్టుకున్న పాత్రకు 20 అడుగుల దాకా స్పష్టంగా, ఆపై ఇంకో 20 అడుగులు మసకగా, నియమం ఎలా చెబుతుందో అలాగే కనిపిస్తుంది. మెట్లబావిలోకి డాలస్ మిత్రుడి టోకెన్, అంటే తెర మీద అతని పాత్రకు గుర్తుగా ఉన్న బిళ్ల, ఒక్కో మెట్టూ దిగుతుంటే, వెలుగు వలయం కూడా దానితో దిగి, అడుగున నీళ్లు మెరిసిన క్షణంలో ఆరుగురమూ మాట్లాడటం మానేశాం. ఆ అనుభవం కాగితం మీద రాదు. దానికి చెల్లించే మూల్యం డబ్బు కన్నా ఎక్కువగా సమయం. రోల్20లో ఈ వెలుగునీడల సదుపాయానికి చాలాకాలం చందా కట్టవలసి వచ్చేది, ఫౌండ్రీని ఒక్కసారి కొంటే చాలు గాని దాన్ని మన కంప్యూటర్ నుంచి నడిపితే మన ఇంట్లో కరెంటు పోయినప్పుడు అందరి ఆటా ఆగుతుంది. గోడలన్నీ ఒక్కొక్కటిగా గీయడానికి నాకు ఒక్కో మ్యాప్‌కు గంటకు పైగా పట్టేది. డంజన్‌డ్రాఫ్ట్ అనే మ్యాపులు గీసే సాఫ్ట్‌వేరుతో చేసినవి గోడలనూ దీపాలనూ తమతో పాటే తీసుకువస్తాయి కనుక ఆ శ్రమ చాలావరకు తగ్గింది. గోడలు అక్కరలేని పోరుకు అవుల్‌బేర్ రోడియో అనే వెబ్‌సైటు చాలు, బ్రౌజర్‌లో తెరిచి, బొమ్మ పెట్టి, చూడనిచోటును మసకతో కప్పి, పది నిమిషాల్లో ఆట మొదలుపెట్టవచ్చు.

టీవీని బల్ల మీద పడుకోబెట్టి ఆడేవారూ ఉన్నారు. 43 అంగుళాల టీవీలో అంగుళం గడులు అడ్డంగా 37, నిలువుగా 21 పడతాయి, కొలతా గుట్టూ రెండూ కుదురుతాయి. ఇంట్లో వాడని టీవీ ఉంటే తప్ప దీనికోసం కొత్తది కొనమని నేను చెప్పను.

ఒకే గదిలో కూర్చుని ఆడేవారికి, అందులోనూ కొత్తగా మొదలుపెట్టేవారికి, తుడిచి గీసే మ్యాప్ అన్నింటికన్నా మేలని నా అభిప్రాయం. ఆటగాళ్లు మీరు అనుకున్న గదిలోకే వస్తారన్న భరోసా ఎప్పుడూ ఉండదు. అచ్చు వేయించిన గదిలోకి వాళ్లను ఈడ్చుకురావడం కన్నా వాళ్లు వెళ్లిన చోటును గీయడమే మంచి ఆట. తప్పకుండా జరుగుతుందని తెలిసిన ఒక్క పెద్ద పోరుకు, ఏడాదికి ఒకటో రెండో, ఫ్లెక్సీ వేయించండి. అది బల్ల మీద పరుచుకున్నప్పుడు ఆటగాళ్ల ముఖాల్లో కనిపించే ఆనందానికి ఆ ఖర్చు తక్కువే. దూరాన ఉన్నవారితో ఆడేవారు చీకటీ రహస్యమూ ఉన్న మ్యాపులకు మాత్రమే గోడలు గీసి, తక్కినవాటిని గీతలతోనే నడపవచ్చు. వచ్చే నెల డాలస్ మిత్రులు సెలవు మీద ఇంటికి వస్తున్నారు. వాళ్ల కోసం కోట గుమ్మం మ్యాప్‌ను ఫ్లెక్సీకి ఇచ్చాను, అంచున పది అంగుళాల గీత వేసి.