విగన్ కప్పా, బ్రాడ్‌ఫర్డ్ పరుగా?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో 2012-13 సీజన్‌ను చిన్న జట్ల కోసమే గుర్తుపెట్టుకోవాలి. ఎఫ్‌ఏ కప్పును విగన్ గెలిచింది. లీగ్ కప్పులో నాలుగో అంచె జట్టు బ్రాడ్‌ఫర్డ్ సిటీ ఏకంగా ఫైనల్‌కు చేరింది. ఈ రెండింటిలో ఏది గొప్ప?

విగన్ కథకు గుండెకాయ మే 11న వెంబ్లీలో జరిగిన ఫైనల్. అవతల మాంచెస్టర్ సిటీ. నవంబర్‌లో కాలు విరిగిన విగన్ ఆటగాడు బెన్ వాట్సన్ 81వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. ఇంజ్యూరీ టైమ్‌లో సహచరుడు మలోనీ కార్నర్ కొట్టగానే ముందుకు దూకి, బంతిని తలతో గోల్‌లోకి పంపాడు. 1-0! మూడు రోజులకే ఆర్సెనల్ చేతిలో 4-1తో ఓడి, విగన్ వాళ్లు అగ్రశ్రేణి ప్రీమియర్ లీగ్ నుంచి కింది లీగ్‌కు జారిపోయారు. ఆ బాధ తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

బ్రాడ్‌ఫర్డ్‌ది అలా కాదు, నెలల తరబడి సాగిన టెన్షన్. ఇదే విగన్‌ను పెనాల్టీల్లో ఓడించారు, తర్వాత ఆర్సెనల్‌నూ పెనాల్టీల్లోనే. సెమీస్‌లో ఆస్టన్ విల్లాతో రెండు మ్యాచ్‌లు. అంటే ఒక రోజు అదృష్టం కలిసొస్తే సరిపోదు. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి 4-3తో నెగ్గారు. రెండో మ్యాచ్‌లో వాళ్ల గోల్ కొట్టిన జేమ్స్ హాన్సన్ ఒకప్పుడు సూపర్‌మార్కెట్లో పనిచేసినవాడు.

ఫైనల్లో స్వాన్సీ 5-0తో చితక్కొట్టింది. అయినా బ్రాడ్‌ఫర్డ్ అభిమానులు జెండాలు ఊపుతూనే ఉన్నారు. కప్పు విగన్‌దే అయినా, నా ఓటు బ్రాడ్‌ఫర్డ్‌కే.