సముద్రం లేని ఎర్త్‌సీ: ఘిబ్లీ ‘గెడో సెంకి’ని నవలలు పక్కన పెట్టుకుని చూస్తే

అమెరికన్ రచయిత్రి ఉర్సులా కె. లె గ్విన్ మాంత్రికుల లోకం మీద రాసిన ఎర్త్‌సీ నవలలను జపాన్ అనిమేషన్ సంస్థ స్టూడియో ఘిబ్లీ సినిమాగా తీస్తోందని తెలిసినప్పుడు ఆ పుస్తకాలు చదివినవాళ్లు ఎంత సంబరపడ్డారో, చూశాక అంతగా నీరుగారిపోయారు. 2006 జులై 29న జపాన్‌లో విడుదలైన ‘గెడో సెంకి’ నిడివి 115 నిమిషాలు. ఒకటికి నాలుగుసార్లు, జపనీస్‌లోనూ ఇంగ్లిష్ డబ్బింగ్‌లోనూ చూసి, నవలల్లో ఆయా ఘట్టాలు మళ్లీ తిరగేసి రాస్తున్న సమీక్ష ఇది. క్లైమాక్స్‌తో సహా కథంతా ఇందులో ఉంది కాబట్టి, నవలలు ఇంకా చదవనివాళ్లు ముందు అవి పూర్తిచేసి వస్తే మంచిది.

ముందుగా ఒక గందరగోళం తీర్చాలి. ఇంగ్లిష్‌లో ఈ సినిమాకి ‘టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ’ అని పేరు పెట్టారు. అదే పేరుతో లె గ్విన్ కథల సంపుటి 2001లో వచ్చింది. సినిమా కథ అందులో దొరకదు. కథకి ముఖ్యమైన ఆధారం మూడో నవల ‘ద ఫార్దెస్ట్ షోర్’ (1972). టెనార్ అనే స్త్రీ ఇల్లు, పొలం, ఆమె దగ్గరుండే థెర్రు అనే పిల్ల నాలుగో నవల ‘టెహాను’ (1990) నుంచి వచ్చాయి. వెంటాడే నీడ మొదటి నవల ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ (1968) లోది. ఇవి చాలవన్నట్టు ఘిబ్లీ ప్రముఖ దర్శకుడు హయావో మియజాకి 1983లో గీసిన ‘షునా నో తబి’ బొమ్మల కథను కూడా మూలంగా తీసుకున్నారు. నాలుగు చోట్ల నుంచి తెచ్చిన ముక్కలు ఒక్కోటీ మంచి గుడ్డే, కుట్టాక మాత్రం అతుకుల బొంత అయింది.

నవలను మార్చకుండా సినిమా తీయలేరని అందరికీ తెలుసు. పాత్రలు తగ్గిస్తారు, ఊళ్లు కలిపేస్తారు, రెండు సంఘటనలను ఒకటి చేస్తారు. అభిమానుల బాధ అది కాదు. ఎర్త్‌సీలో చెడు మనిషి లోపల పుడుతుంది, దాన్ని మనిషే తనదిగా ఒప్పుకోవాలి. సినిమా ఆ చెడును లోపలి నుంచి లాగి, బయట కాబ్ అనే ఒక మాంత్రికుడికి అంటగట్టి, చివర అతన్ని కాల్చేసి చేతులు దులుపుకుంది. మిగతా లోపాలన్నీ ఏదో ఒక దారిలో ఇక్కడికే వచ్చి చేరతాయి.

మొదటి దెబ్బ మొదటి పది నిమిషాల్లోనే తగులుతుంది. ఎన్లాడ్ రాజు సభలో రాజ్యానికి వచ్చిన కష్టాలన్నీ విని, రాత్రి నడవాలో ఒంటరిగా వస్తుంటాడు. చీకట్లోంచి ఒక కుర్రాడు దూసుకొచ్చి బాకు దించుతాడు. కొడుకు అరెన్! తండ్రి ఖడ్గం తీసుకుని పారిపోతాడు. ఎందుకు చంపాడు? సినిమా చెప్పదు. చాలాసేపటికి అరెన్ నోటివెంటే ఎందుకు చేశానో తెలియదన్న మాట వస్తుంది. తెలియకపోవడమే పాత్ర లక్షణమని సర్దిచెప్పుకోవచ్చు గానీ, అప్పుడు మిగతా సినిమా అంతా ఆ హత్య చుట్టూ తిరగాలి. తిరగదు. పొలం దున్నడంలో, బానిసల బండి వెంటపడటంలో, కోటలో పోరాటంలో ఆ తండ్రి శవం ఎక్కడో మరుగున పడిపోతుంది. చివర్లో తిరిగివెళ్లి శిక్ష అనుభవిస్తానని ఒక మాట, అంతే.

మూడో నవలలో ఈ హత్యే లేదు. మంత్రాలు పనిచేయడం మానేస్తున్నాయన్న కబురు చెప్పి రమ్మని తండ్రే అరెన్‌ను మాంత్రికుల బడి ఉన్న రోక్ ద్వీపానికి పంపిస్తాడు. ఖడ్గం కూడా తండ్రి ఇచ్చినదే. ప్రాణాన్ని కాపాడటానికి తప్ప ఎన్నడూ ఒరలోంచి బయటికి రాని వంశ ఖడ్గమది. అదే ఖడ్గాన్ని సినిమాలో తండ్రిని చంపి ఎత్తుకుపోయిన సొత్తుగా మార్చారు. తర్వాత ‘ఇది మంత్రబద్ధమైనది, సమయం రానిదే ఒరలోంచి రాదు’ అంటే ఆ మాటకి బరువెక్కడిది?

నవలలోనూ అరెన్ తప్పు చేస్తాడు. అది ఎంత చిన్నగా కనబడుతుందో అంత భయంకరమైనది. ఒబెహోల్ ద్వీపం దగ్గర, అరెన్‌తో పడవలో వెళ్తున్న మహా మాంత్రికుడు గెడ్‌కి ఈటె దెబ్బ తగులుతుంది. పడవ నడిసముద్రంలోకి కొట్టుకుపోతుంది. పక్కనే మనిషి రక్తం కారుతూ పడి ఉంటే అరెన్ ఏమీ చేయడు. నీళ్లివ్వడు, గాయం చూడడు, తెడ్డు పట్టడు. చావుభయం ఒంట్లోకి దిగి అన్నింటి మీదా ఆశ వదిలేసి అలా కూర్చుండిపోతాడు. తెప్పల మీద బతికే జనం వచ్చి కాపాడతారు. ఆ తర్వాత తన భయాన్ని గెడ్ ముందు తానే ఒప్పుకుంటాడు. ఇందులో బాకు లేదు, రక్తపు మడుగు లేదు. చదివినవాళ్లను ఏళ్ల తరబడి వెంటాడేది మాత్రం ఆ పడవే. అనిమేషన్‌కి ఇంతకంటే మంచి సీన్ ఏముంటుంది? ఒక పడవ, ఇద్దరు మనుషులు, చుట్టూ నీలం. దాన్ని వదిలేసి నడవాలో హత్య పెట్టడమే ఈ సినిమా చేసిన అతి పెద్ద పొరపాటని నా అభిప్రాయం.

పడవ పోవడంతో సముద్రమూ పోయింది. ఎర్త్‌సీ అంటేనే ద్వీపాల లోకం. నవలల్లో ఎన్లాడ్ ఒక ద్వీపం. హార్ట్ టౌన్ ఉండేది వాథార్ట్ అనే వేరే ద్వీపంలో. టెనార్ పొలం గాంట్ ద్వీపంలో. సినిమాలో మాత్రం ఎన్లాడ్ నుంచి పారిపోయిన కుర్రాడు జంతువునెక్కి ఇసుక దిబ్బల మీదుగా వస్తాడు, అక్కణ్నుంచి గెడ్‌తో కలిసి నేల మీదే హార్ట్ టౌన్ చేరతాడు, టెనార్ పొలమూ ఆ ఊరికి దగ్గర్లోనే ఉంటుంది. నవలలో రంగులద్దే లోర్బానరీ, తెప్పల జనం, పడమటి అంచున సెలిడోర్, అన్నీ దాటుకుంటూ సాగే ప్రయాణంలోనే లోకం ఎలా చెడిపోతోందో మెల్లగా తెలుస్తుంది. ఇక్కడ ఆ పని ఒక్క హార్ట్ టౌన్ సంతలో ముగుస్తుంది.

ఇక పేర్లు. ఎర్త్‌సీలో మంత్రమంటే పేరే. ప్రతిదానికీ సృష్టినాటి భాషలో ఒక అసలు పేరు ఉంటుంది. అది తెలిసినవాడికి దాని మీద పట్టు ఉంటుంది. అందుకే మనుషులంతా వాడుక పేర్లతో తిరుగుతారు. గెడ్‌ను లోకం స్పారోహాక్ అంటుంది, జపనీస్‌లో హైతకా. అసలు పేరు చెప్పడమంటే తన ప్రాణం తీసి ఎదుటివాడి చేతిలో పెట్టడం. మొదటి నవలలో గెడ్ గర్వంతో చేసిన ఘోరం తర్వాత, మొహం మీద మచ్చలతో మిగిలినప్పుడు, స్నేహితుడు వెచ్ అడక్కుండానే తన పేరు ఎస్టారియోల్ అని చెబుతాడు. అంతకు మించిన ఓదార్పు మాట ఆ పుస్తకంలో లేదు.

సినిమా మొదలుపెట్టడం బాగానే మొదలుపెట్టింది. తుపానులో ఓడ, గాలినీ అలలనూ అదుపుచేయాల్సిన మాంత్రికుడికి వాటి పేర్లు గుర్తురావు. చక్కటి ఆరంభం. ఆ తర్వాత పేరుకున్న విలువేమిటో నింపాదిగా చెప్పే సీన్ రాదు. కాబ్ ఏదో తాగించి, మగతలో ఉన్న అరెన్ దగ్గర ‘లెబానెన్’ అన్న అతని అసలు పేరు రాబట్టినప్పుడు, నవల తెలియనివాళ్లకి అది పాస్‌వర్డ్ బయటపడినట్టు ఉంటుంది తప్ప గుండె ఝల్లుమనదు. తర్వాత అరెన్, థెర్రు ఒకరి పేరు ఒకరికి చెప్పుకునే సీన్ కూడా అందుకే తేలిపోతుంది. నిజానికి అది సినిమాలో అన్నిటికంటే బరువుగా పడాల్సిన చోటు.

నీడ సంగతి మరీ తలకిందులైంది. మొదటి నవలలో నీడ గెడ్ స్వయంగా వదిలిన చీకటి. పారిపోయి పారిపోయి, చివరికి వెనక్కి తిరిగి దాన్నే తరిమి, తన పేరుతోనే దాన్ని పిలుస్తాడు. ఇద్దరిదీ ఒకే పేరు. సినిమాలో అరెన్‌ను వెంటాడేది అతనిలోని మంచి సగమని సెకండాఫ్‌లో తేలుతుంది. అది వచ్చి థెర్రుకి కోట దారి చూపిస్తుంది, పేరు చెబుతుంది, విషయమంతా మాటల్లో విప్పి చెబుతుంది. మరి తండ్రిని పొడిచిన చెయ్యి ఎవరిది? తనలోని చీకటిని అరెన్ ఎదుర్కొనే క్షణమే లేకుండా పోయింది.

కాబ్ విషయానికొస్తే, పాత ఇంగ్లిష్‌లో ఆ మాటకి సాలీడు అని అర్థం, జపనీస్‌లోనూ ‘కుమో’ అని సాలీడు పేరే ఉంచారు. ఇలాంటి చోట్ల శ్రద్ధ కనిపిస్తుంది. కానీ మూడో నవలలో కాబ్‌ను చంపడం సమస్యకి పరిష్కారమే కాదు. అతను అప్పటికే చావు అంచు దాటినవాడు. చావుకీ బతుకుకీ మధ్య అతను తెరిచిన తలుపును మూయాలి. గెడ్ తన మంత్రశక్తినంతా ధారపోసి మూస్తాడు, ఆ తర్వాత ఇక మాంత్రికుడిగా మిగలడు. ఆ ఖరీదు సినిమాలో ఎవరూ చెల్లించరు. కోట మీద థెర్రు ఉన్నట్టుండి డ్రాగన్‌గా మారి కాబ్‌ను కాల్చేస్తుంది. నవలల్లో ఆ మార్పు రావడానికి ఆరో పుస్తకం ‘ది అదర్ విండ్’ (2001) దాకా ఆగాలి. ముందే దాని జాడలు ఎన్నో పడి ఉంటాయి. ఇక్కడ మొదట్లో రెండు డ్రాగన్లు కొట్టుకోవడం తప్ప పునాది లేదు.

థెర్రు మొహం గురించి ఒక్క మాట. ‘టెహాను’లో ఆ పిల్లను మంటల్లోకి తోశారు. ఒక పక్క మొహం కాలిపోయింది, ఒక కన్ను పోయింది, చెయ్యి కొంకర్లు పోయింది. చూసినవాళ్లు చూపు తిప్పుకుంటారు, ఆ చూపు తిప్పుకోవడం గురించే పుస్తకం. సినిమాలో ఎర్రటి మచ్చ ఒకటి ఉంటుంది, కళ్లు రెండూ చక్కగా ఉంటాయి. అలాగే నవలల్లో గెడ్‌ది రాగి ఛాయ, వెచ్ నల్లటివాడు, ఆ లోకంలో తెల్లవాళ్లు కార్గ్ జనం మాత్రమే. ఆ తేడా తెర మీద దాదాపు చెరిగిపోయింది.

రచయిత్రి ఏమన్నారో కూడా చెప్పుకోవాలి. 1980లలో హయావో మియజాకి అడిగినప్పుడు, ఆయన సినిమాలు తెలియక లె గ్విన్ కాదన్నారు. తర్వాత ఆయన తీసిన ‘మై నైబర్ టొటోరో’ చూసి ఆయన అభిమాని అయ్యారు, అనుమతి ఇచ్చారు. తీరా దర్శకత్వం ఆయన కొడుకు గోరోకి వెళ్లింది. అప్పటిదాకా గోరో ఘిబ్లీ మ్యూజియం బాధ్యతలు చూసిన మనిషి, ఇదే మొదటి సినిమా. సినిమా చూశాక గోరో అడిగితే, ఇది నా పుస్తకం కాదు, మీ సినిమా, మంచి సినిమా అని మర్యాదగా అన్నారామె. ఆ తర్వాత విడిగా రాసినదాంట్లో మాత్రం హింస ఎక్కువైందని, చెడును ఒక విలన్‌లో పెట్టి చంపేయడం తన పుస్తకాల తీరు కాదని తేల్చిచెప్పారు. జపాన్‌లో 765 కోట్ల యెన్‌లు వసూలు చేసి ఆ ఏడాది జపనీస్ సినిమాల్లో మొదటి స్థానంలో నిలిచిన సినిమా ఇది. అక్కడి చెత్త సినిమాల అవార్డుల్లో చెత్త చిత్రం, చెత్త దర్శకుడు అనిపించుకున్నదీ ఇదే. ఆ రెండోది అన్యాయమని నాకనిపిస్తుంది, ఎందుకంటే బాగున్నవి నిజంగా బాగున్నాయి.

హార్ట్ టౌన్ మీద పడే ఎండ, పాతబడిన గోడలు, మేఘాలు... వీటి కోసం సౌండ్ తీసేసి చూసినా విసుగు రాదు. టెనార్ పొలంలో గెడ్, అరెన్ దున్నే సీన్ నవల ఆత్మకి అన్నిటికంటే దగ్గరగా ఉంది. అంత పెద్ద మాంత్రికుడు మంత్రం ఊసెత్తకుండా మట్టిలో పనిచేస్తాడు. తమియా తెరషిమా సంగీతం గంభీరంగా ఉంటుంది. మొహాల్లో కదలిక మాత్రం పలచన. నేపథ్యం గీసిన చెయ్యి, మనుషులను కదిలించిన చెయ్యి ఒకటి కాదన్నట్టుంటుంది.

చూడబోయేవాళ్లకి నా సలహా ఇది. మొదటి నాలుగు నవలలు వరుసగా చదవండి, రెండోది ‘ద టూంబ్స్ ఆఫ్ అటువాన్’ (1971) అసలు వదలొద్దు. టెనార్, గెడ్ మధ్య పాత చనువు ఎక్కడిదో సినిమా ఒకటి రెండు మాటల్లో దాటేస్తుంది. వీలైతే ఆరోది కూడా ముగించండి, లేకపోతే థెర్రు రహస్యం ఇక్కడే తెలిసిపోతుంది. టొటోరో చూపించిన చేత్తో చిన్నపిల్లలకి దీన్ని పెట్టొద్దు. చెయ్యి తెగిపడటం, కాబ్ మొహం కరిగి వికృతంగా మారడం ఉన్నాయి. 2010లో అమెరికాలో విడుదలైనప్పుడు పీజీ-13 (పదమూడేళ్లలోపు పిల్లలకి తగకపోవచ్చన్న రేటింగ్) ఇచ్చింది ఊరికే కాదు.

ఆడియో రెండింట్లో ఇంగ్లిష్‌లో టిమోతీ డాల్టన్ గెడ్‌గా హుందాగా ఉన్నాడు, విలెమ్ డఫో కాబ్ గొంతు వెన్నులో చలి పుట్టిస్తుంది. అయినా మొదటిసారి జపనీస్‌లో, సబ్‌టైటిల్స్‌తో చూడండి. కారణం ఒక్కటే. సాయంకాలం గడ్డిమైదానంలో థెర్రు ఒంటరిగా నిలబడి పాడుతుంది. థెర్రుకి గొంతిచ్చిన అవోయి తెషిమాయే ఆ పాట పాడింది. వాయిద్యం ఒక్కటీ ఉండదు. మేఘాల పైన ఒంటరిగా ఎగిరే డేగ ఎంత దిగులు పడుతుందో అన్నది పాట. అరెన్ వెనక నిలబడి వింటూ ఏడుస్తాడు. ఎవరూ ఎవరికీ ఏమీ వివరించరు. నవలల్లో ఉన్న మౌనం ఆ కొద్ది నిమిషాలు తెర మీద ఉంటుంది.