అద్దాల పెట్టా, జాలీ పంజరమా? పర్లాకిమిడి వాతావరణంలో ఊసరవెల్లికి ఏది మేలు

ఆగస్టు నెల, మూడు రోజులుగా ముసురు. మధ్యాహ్నం రెండు గంటలకి మా ఊసరవెల్లి రంగడు కొమ్మ పట్టుకుని కళ్లు మూసుకుని కూర్చున్నాడు. మా అమ్మ చూసి "ఏట్రా ఇది, పట్టపగలు నిద్రోతంది" అంది. పిల్లో కుక్కో పగలు కునుకు తీస్తే ముచ్చటగా ఉంటుంది గానీ ఊసరవెల్లి పగలు కళ్లు మూసిందంటే ఎక్కడో తేడా కొట్టిందని లెక్క. చలేసిందేమో అనుకుని నేను 60 వాట్ల బల్బు తీసి 100 వాట్లది పెట్టాను. మర్నాడు పొద్దున్నకి మూతి ఆకాశం వైపు ఎత్తి ఊపిరి పీలుస్తున్నాడు, ముక్కు దగ్గర చిన్న బుడగ, చెవి దగ్గర పెట్టుకుంటే పేలాలు చిట్లినట్టు టిక్ టిక్ మని శబ్దం. అది ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్. బల్బు మార్చడంతో పోయేది కాదు, ఎందుకంటే అసలు రోగం వాడు ఉంటున్న పెట్టెకి ఉంది.

ముందు ఒక మాట. తుమ్మ కొమ్మ మీదో సరుగుడు తోటలోనో కనబడే మన ఊసరవెల్లిని పట్టి తెచ్చుకోకండి, అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవి, ఇంట్లో పెట్టుకుంటే కేసు. నేను పెంచేది వెయిల్డ్ కమీలియన్, యెమెన్, సౌదీ వైపు జాతి. అది కూడా సైటీస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే ఒప్పందం) జాబితాలో ఉన్నదే కాబట్టి 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితాలు లేకుండా చవగ్గా ఇస్తామంటే ఆ బేరం వదిలేయండి.

ఇప్పుడు పెట్టె సంగతి. నేను మొదట కొన్నది గాజు ట్యాంకు, చేపలది, మూడడుగుల పొడవు. వీడియోల్లో చూసి కొన్నాను. తర్వాత అర్థమైందేంటంటే ఆ వీడియోలు చేసేవాళ్లలో చాలామంది చలిదేశాల వాళ్లు. ఇంట్లో హీటర్ వేసుకుంటారు, గాలి పొడిబారిపోతుంది, పంజరంలో తేమ ఎలా నిలబెట్టాలన్నదే వాళ్ల టెన్షన్, దానికి గాజు పనికొస్తుంది. మనకి మహేంద్రగిరి కొండ మీద మబ్బు పట్టిందంటే గోడకి తగిలించిన చొక్కా కూడా తడి వాసన వేస్తుంది. తేమ ఎలా వదిలించాలన్నది మన టెన్షన్. ఆ ట్యాంకులో రాత్రి పట్టిన చెమ్మ మధ్యాహ్నానికి కూడా గోడల మీద చుక్కలుగానే ఉండేది, అడుగున పరిచిన కొబ్బరి పొట్టు బూజు పట్టింది, గాలి పైనుంచి తప్ప ఇంకెటూ ఆడదు. పైగా గాజులో తన బొమ్మ కనబడితే వీళ్లకి అది ఇంకో మగది వచ్చి నిలబడ్డట్టే. మా వాడు సాయంత్రం లైటు వేయగానే నల్లబడి ఒళ్లు ఉబ్బించి గాజు వైపు బుస కొట్టేవాడు, నేను అది ఆట అనుకున్నాను.

జాలీ పంజరం మా వీధి చివర అల్యూమినియం కిటికీలు చేసే కుర్రాడి చేత చేయించాను. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, నాలుగడుగుల ఎత్తు. ఎత్తు ముఖ్యం, ఇవి నేల మీద తిరిగేవి కావు, మనిషి కంటే ఎత్తులో కూర్చుంటేనే వీటికి నిశ్చింత. అడుగున ఏమీ పరచలేదు, ప్లాస్టిక్ ట్రే మాత్రమే, పొద్దున్నే తుడిచేస్తాను. లోపల కుండీల్లో మందార, మనీ ప్లాంటు. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కని ఆకు ఆకూ కడిగి, పై మట్టి మార్చి, రెండు వారాలు బయట పెట్టాకే లోపలికి. మందార పువ్వు పెడితే వెయిల్డ్ జాతి తింటుంది కూడా, మా వాడు ఎర్రదాన్ని తింటాడు, పసుపుదాన్ని చూసి మొహం తిప్పుకుంటాడు. వాడి అభిరుచి.

అయితే జాలీయే మేలా? పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం, ఇటు పాతపట్నం, పలాస వాళ్లకి నిస్సందేహంగా జాలీయే. కానీ ఇదే మాట మహారాష్ట్ర బల్లార్షాలో ఉన్న మా బావకి చెప్పి తిట్లు తిన్నాను. "బావా, నువ్వు జాలీ అన్నావు, ఇక్కడ నీళ్లు కొట్టిన పావుగంటకి ఆకులు ఫెళఫెళలాడుతున్నాయి" అన్నాడు మే నెలలో ఫోన్ చేసి. చంద్రపూర్ జిల్లా ఎండ సంగతి తెలిసిందే, 45 డిగ్రీలు దాటడం అక్కడ వార్త కూడా కాదు, గాలి పొడి. అక్కడ జాలీకి మూడు పక్కలా ప్లాస్టిక్ షీటు కట్టి ముందు వైపు, పై వైపు మాత్రం వదిలేయాలి, పంజరాన్ని కూలర్ ఉన్న గదిలో గాలి సూటిగా తగలని మూల పెట్టాలి. కొరాపుట్ కొండ మీద వాళ్లు కూడా డిసెంబరు, జనవరిలో ఇలాగే షీటు కట్టుకోవచ్చు. రాత్రి 18 డిగ్రీలకి దిగితే భయపడక్కర్లేదు, రాత్రి చల్లబడటం వీటికి మంచిదే, పగలు ఒళ్లు కాచుకునే చోటు ఒకటుంటే చాలు. రాత్రంతా ఎర్ర బల్బు వేసి ఉంచేవాళ్లున్నారు, ఆపేయండి, చీకట్లోనే అది నిద్రపోతుంది.

ఒళ్లు కాచుకునే కొమ్మ దగ్గర 29, 30 డిగ్రీలుంటే చాలు, మిగతా పంజరం 24 నుంచి 27. మనకి ఏప్రిల్ నుంచి జూన్ దాకా గదే 35 ఉంటుంది, ఆ రోజుల్లో వేడి బల్బు అసలు వెలిగించను, ఉదయం చల్లగా ఉంటే ఓ గంట, అంతే. నోరు తెరిచి, ఒళ్లు పాలిపోయిన తెల్ల రంగుకి వస్తే ఎండదెబ్బ మొదలైందని. అదే పొద్దున్నే ముదురు రంగులో బల్లపరుపుగా అయ్యి ఒక పక్క బల్బు వైపు పెడితే అది వేడి పీల్చుకోవడం, దానికి కంగారు పడొద్దు. నోరు తెరవడం వేడికీ ఉంటుంది, జబ్బుకీ ఉంటుంది. బల్బు తీసి గది చల్లబరిస్తే అరగంటలో నోరు మూస్తే వేడి, మూయకుండా మూతి ఎత్తితే జబ్బు. నాకు ఆ ఆగస్టులో ఈ తేడా తెలిసుంటే వంద వాట్ల బల్బు పెట్టేవాణ్నే కాదు.

ఎండా, ట్యూబా? దీని మీద ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. "సూర్యుడు ఊరికే ఇస్తుంటే కరెంటు బిల్లెందుకు" అంటాడు మా నాన్న. మాట నిజమే, ఎండని మించిన యూవీబీ (కంటికి కనబడని అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) లేదు, అది లేకపోతే ఒంట్లో డి విటమిన్ తయారవదు, క్యాల్షియం ఎముకకి పట్టదు, కాళ్లు విల్లులా వంగుతాయి, దవడ మెత్తబడుతుంది, నాలుక విసిరినా పురుగు దాకా వెళ్లదు. కానీ కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండకి ఈ గుణం దాదాపు ఉండదు, గాజు ఆపేస్తుంది. బయట పెడదామంటే జూలై నుంచి సెప్టెంబరు దాకా సూర్యుడు చుట్టంలా వస్తాడు. పైగా డాబా మీద కాకులు, పిల్లులు. అందుకని అసలు ఆధారం ట్యూబే అన్నది నా పక్షం: టీ5 అనే సన్నటి రకం, యూవీబీ 5.0 లేక 6 శాతం అని రాసి ఉన్నది, పంజరం పైన జాలీ మీద, దాని వీపుకీ ట్యూబుకీ మధ్య ఎనిమిది తొమ్మిది అంగుళాలు, రోజుకి పన్నెండు గంటలు. మెలికలు తిరిగిన చిన్న కాంపాక్ట్ బల్బు చవగ్గా దొరుకుతుంది కానీ దాని వెలుగు అరచేతి మేరే పడుతుంది, ఆ డబ్బు దండగ. ఇంట్లో వాడే ఎల్‌ఈడీ ట్యూబులో యూవీబీ ఉండదు. ఇంకో చిక్కు, యూవీబీ ట్యూబు చూడటానికి వెలుగుతూనే ఉంటుంది, లోపల శక్తి అయిపోతుంది. నేను మార్కరు పెన్నుతో ట్యూబు చివర పెట్టిన తేదీ రాసి ఏడాదికి మార్చేస్తాను.

చలికాలం పొద్దున ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా మాత్రం జాలీ పంజరాన్నే డాబా మీదకి మోసుకెళ్తాం, సగం మీద పాత తువ్వాలు కప్పి, నీడలోకి జరగడానికి చోటుంచి, పక్కనే కూర్చుని. గాజు ట్యాంకుని ఎండలో పెట్టడం మాత్రం కలలో కూడా వద్దు, పది నిమిషాల్లో లోపలిది ఉడికిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత గజపతి జిల్లాలో కరెంటు కోసం ఎన్ని రోజులు చూశామో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు, అలాంటప్పుడు నాన్న చెప్పిన సూర్యుడే దిక్కు.

నీళ్ల విషయంలో నాకు అనుమానమే లేదు. గిన్నెలో నీళ్లు పెడితే ఇవి చాలావరకు గుర్తుపట్టవు, ఆకు మీద జారే చుక్కనే తాగుతాయి. నాలుగు వేలు పెట్టి కొన్న పొగమంచు యంత్రం నా దగ్గర అటక మీద ఉంది, మన వేడి తేమ రాత్రుల్లో అది ఊపిరితిత్తులకి ఆహ్వానపత్రం. దాని బదులు మందుల షాపులో కొత్త సెలైన్ సెట్ కొని, శుభ్రమైన బాటిల్‌కి తగిలించి, పంజరం పైన వేలాడదీశాను. గొట్టం మీద చిన్న చక్రం ఉంటుంది కదా, అది తిప్పితే రెండు మూడు సెకన్లకి ఒక చుక్క మనీ ప్లాంటు ఆకు మీద పడుతుంది. రంగడు మొదటి రోజు ఒక కన్ను చుక్క మీద, ఇంకో కన్ను నా మీద పెట్టి పది నిమిషాలు చూశాడు, ఆ తర్వాత వచ్చి నాలుక ఆనించాడు. పొద్దున, సాయంత్రం ఓసారి చేత్తో స్ప్రే, మధ్యలో అంతా ఆరిపోవాలి. తాగుతోందో లేదో రెట్ట చూస్తే తెలుస్తుంది: అందులో సుద్దలా ఉండే భాగం తెల్లగా ఉంటే బాగుంది, పసుపు, నారింజ రంగుకి తిరిగితే నీళ్లు చాలట్లేదు. కళ్లు లోపలికి పోయాయంటే బాగా ఆలస్యం చేశారని.

తిండి దగ్గర మనవాళ్లు ఎక్కువ మోసపోతారు, ఎందుకంటే పక్కనే పొలాలు, పొలం నిండా మిడతలు. మేమూ మొదట్లో వల పట్టుకుని వెళ్లాం. వరికీ వంగకీ ఎప్పుడు ఏ మందు కొట్టారో రైతుకి గుర్తుంటుంది గానీ మిడతకి రాసి ఉండదు. ఇంటి బొద్దింక కూడా అంతే. మిణుగురు పురుగు మరీ ప్రమాదం, దాని ఒంట్లోని విషానికి ఒక్కటి తిన్నా ఇలాంటి ప్రాణి చచ్చిపోవచ్చు, రాత్రి కిటికీ తెరిచి ఉంటే గమనించుకోండి. పెంచిన ఇలకోళ్లు, అంటే గోడ మూలన కీచుమనేవి, షాపుల్లో క్రికెట్స్ అంటారు, అవే మేలు. సూపర్‌వర్మ్స్ (ఒక రకం పెంకుపురుగు లార్వాలు) వారానికి రెండు మూడు, కొవ్వెక్కువ. పురుగులకి ముందురోజు మునగాకు, గుమ్మడి ముక్క మేపి, డి3 విటమిన్ కలవని క్యాల్షియం పొడి చల్లి ఇస్తాను, డి3, విటమిన్లు కలిపినది నెలకి రెండుసార్లే. పొడి దొరక్క ఇబ్బంది పడ్డ నెలలో లవ్ బర్డ్స్‌కి పెట్టే సముద్రపు నురగని (కటిల్ ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లోని తెల్ల పెంకు) మెత్తగా నూరి జల్లించి వాడాను, అది కూడా క్యాల్షియమే. మనుషుల క్యాల్షియం మాత్రలు నూరి వేయకండి, వాటిలో డి3 మోతాదు మనిషికి సరిపోయేది.

ఇక ఇంట్లో చూసుకోవడమా, డాక్టరా? మా ఊళ్లో ఒక చోట చూపిస్తే "ఇది తొండ కదండీ" అని ఆవులకి ఇచ్చే టానిక్ రాశారు. తప్పు పట్టను, రోజూ చూసేది ఆవులూ మేకలే. ఒక పూట తినకపోవడం, చర్మం ఊడటం, రెట్ట కాస్త పసుపుగా ఉండటం, వీటికి రెండు మూడు రోజులు నీళ్లు, వేడి, వెలుగు సరిచేసి చూడొచ్చు. పగలు కళ్లు మూయడం, ముక్కు దగ్గర బుడగ, కాలు వంగడం, కొమ్మ మీంచి జారి పడటం, ఇవి ఆగే రకం కాదు. ఆడది అయితే ఇంకో మాట: మగదానితో కలవకపోయినా వెయిల్డ్ ఆడది గుడ్లు పెడుతుంది. అడుగు లోతు తడి ఇసుక ఉన్న బకెట్ లేకపోతే గుడ్లు లోపలే ఉండిపోయి చస్తుంది. పంజరం అడుగున తిరుగుతూ గోకి గోకి, పెట్టకుండా నీరసపడితే ఆ రోజే బయల్దేరాలి.

మాకు విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, భువనేశ్వర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లది ఉంది. ముందు ఫోన్ చేసి సరీసృపాల్ని చూస్తారా అని కనుక్కుని కదలండి. నేను రంగణ్ని తీసుకెళ్లింది చెప్పుల డబ్బాలో, మూతకి చిల్లులు పెట్టి, లోపల ఒక కొమ్మ అడ్డంగా గట్టిగా బిగించి, ఏసీ గాలి తగలకుండా ఒళ్లో పెట్టుకుని. పెట్టె ఫొటోలు, బల్బు ప్యాకెట్టు, తాజా రెట్ట ఒక చిన్న డబ్బాలో పట్టుకెళ్లాను, అందులో పురుగులున్నాయేమో పరీక్ష చేస్తారు. డాక్టరు గారు రంగణ్ని చూసే ముందు ఆ ట్యాంకు ఫొటో చూసి, "ఇది ముందు మార్చండి, తర్వాత ఇంజెక్షన్ సంగతి" అన్నారు. ఇంజెక్షన్లు తొమ్మిది పడ్డాయి. ఆ ట్యాంకులో ఇప్పుడు మా అమ్మ పుదీనా పెంచుతోంది.