పశువైద్య విద్యార్థుల కోసం ఊపిరితిత్తుల స్లైడ్ల పెట్టె: ఒక సమీక్ష

పశువైద్య పాథాలజీ బోధన కోసం ఒక సంస్థ అమ్ముతున్న ఈ స్లైడ్ల పెట్టెను మా ప్రయోగశాలకు తెప్పించుకున్నాం. పెంపుడు జంతువుల ఊపిరితిత్తుల్లో కణజాల క్షీణత వల్ల, జీవక్రియ లోపాల వల్ల వచ్చే మార్పులే ఇందులో ఉన్నాయి. న్యుమోనియా స్లైడ్లు ఏ కళాశాలలోనైనా దొరుకుతాయి గాని, ఈ కోవకు చెందినవి ఒకచోట దొరకడం అరుదు.

అన్నిటిలోకీ గొప్పగా కుదిరినది కుక్క ఊపిరితిత్తి. మూత్రపిండాలు చెడిపోయి రక్తంలో యూరియా పేరుకుపోయిన కుక్కల్లో వాయుకోశాల గోడల్లో కాల్షియం లవణాలు చేరవచ్చు. పోస్టుమార్టంలో అలాంటి ఊపిరితిత్తిని కోస్తే కత్తికి ఇసుక తగిలినట్టు గరగరలాడుతుంది. ఒకే దిమ్మె నుంచి వరుసగా కోసిన రెండు పొరల్లో ఒకదానికి మామూలుగా వాడే హెమటాక్సిలిన్-ఇయోసిన్ రంగు, రెండోదానికి కాల్షియం లవణాలున్న చోటును నల్లగా చూపే వాన్ కోసా రంగు వేశారు. మొదటిదాంట్లో ఊదా మరకలను చూసి విద్యార్థి తడబడే చోటే, రెండోదాంట్లో గోడలు నల్లని గీతలుగా తేటతెల్లమవుతాయి. చిన్న శ్వాసనాళికల కండరంలోని నలుపు కూడా చెదరకుండా నిలిచింది. ఇంత శ్రద్ధగా చేసిన జంటను నేను అరుదుగా చూశాను.

ఆవు స్లైడు కూడా మెచ్చుకోదగినదే. ఎండు మేతకు అలవాటుపడిన ఆవులను ఉన్నట్టుండి ఏపుగా పెరిగిన పచ్చికలోకి తోలితే, అందులోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు 3-మిథైల్‌ఇండోల్ అనే రసాయనంగా మారుస్తాయి. అది రక్తంతో ఊపిరితిత్తులకు చేరి, అక్కడి కణాల ఎంజైముల చేతుల్లోనే విషంగా మారి వాయుకోశాల గోడలను దెబ్బతీస్తుంది. సాధారణంగా మేత మారిన 2 వారాల లోపే ఆయాసం మొదలవుతుంది. వాయుకోశాల లోపల పేరుకున్న గులాబీ రంగు ప్రొటీన్ పొరలు (హయలిన్ పొరలు), గోడల వెంట కొత్తగా పెరిగిన రెండో రకం న్యుమోసైట్లు అనే కణాలు, ఊపిరితిత్తిలోని చిన్న విభాగాలైన లాబ్యూళ్ల మధ్య చిక్కుకున్న గాలి బుడగలు, ఈ మూడూ ఒకే స్లైడులో కనిపిస్తాయి. అయితే వెంట ఇచ్చిన కరదీపికలో ఆ ఆవు ఏం మేసిందో, ఎన్నాళ్లు బాధపడిందో ఒక్క ముక్క లేదు. బూజు పట్టిన చిలగడదుంపలు తిన్న ఆవులోనూ దాదాపు ఇవే మార్పులు వస్తాయి కనుక, చరిత్ర తెలియకుండా కారణం చెప్పమని విద్యార్థిని అడగడం న్యాయం కాదు.

నగర కుక్క ఊపిరితిత్తిలో పేరుకున్న మసి చూపే స్లైడు మామూలుగా ఉంది.

గుర్రం స్లైడును మాత్రం నేను తరగతిలో వాడను. దానిపై ఎంఫిసీమా (వాయుకోశాల గోడలు నశించి గాలి గదులు పెద్దవైపోయే జబ్బు) అని రాశారు గాని, శ్వాసనాళం గుండా కణజాలాన్ని చెడకుండా నిలిపే ఫార్మలిన్ ద్రవం నింపి ఊపిరితిత్తిని ఉబ్బించకుండా, కోసిన ముక్కను నేరుగా ద్రవంలో వేసినట్టుంది. కొన్ని వాయుకోశాలు ముడుచుకుపోయాయి, కొన్ని సాగిపోయాయి. గోడలు జబ్బు వల్ల నశించాయో, కోతలో చినిగాయో తేల్చలేం. ఎంఫిసీమాను గుర్తించడానికి మొదట నేర్పవలసిన తేడాయే అది.

ఈ సంస్థ స్లైడ్లను విడిగా కూడా అమ్ముతోంది. గుర్రం స్లైడును మార్చి, ప్రతి జంతువు చరిత్రనూ జతచేసేదాకా పెట్టె మొత్తం కొనకుండా, కుక్క జంటనూ ఆవు స్లైడునూ తెప్పించుకోమని సలహా ఇస్తాను.