చంద్రుడు తెగిపోయిన న్యూవా పటం

చైనా పురాణాల్లో పసుపుపచ్చని మట్టితో మనుషులను చేసిన దేవత న్యూవా, ఆమె జంట ఫూషీ కలిసి ఉన్న గుడ్డ పటాన్ని గత నెలలో ఒక ఆన్‌లైన్ అంగడి నుంచి 1,850 రూపాయలకు తెప్పించుకున్నాను. చైనా వాయవ్య ప్రాంతమైన షిన్‌జియాంగ్‌లోని తుర్ఫాన్ దగ్గర, అస్తానా సమాధుల్లో దొరికిన పటానికి ఇది నకలు. పురావస్తు పరిశోధకుడు ఆరెల్ స్టైన్ 1915లో అక్కడ తవ్వి తెచ్చిన వస్తువుల్లో చాలా భాగం ఢిల్లీ జాతీయ మ్యూజియానికి చేరింది. ఆ కోవకు చెందిన పటాన్ని ఒకప్పుడు అక్కడ చూసి ఉండటం వల్లనే ఇంత డబ్బు పెట్టడానికి మనసొప్పింది.

గీతల విషయంలో వంక పెట్టడానికి లేదు. నడుము నుంచి కిందికి పాములై పెనవేసుకున్న రెండు దేహాలు, ఒకరి భుజం మీదికి చాచిన మరొకరి చేయి, చుట్టూ గీతలతో కలిపిన నక్షత్రాల చుక్కలు అన్నీ స్పష్టంగా వచ్చాయి. ఫూషీ చేతిలో వడ్రంగులు వాడే మూలమట్టం, న్యూవా చేతిలో వృత్తలేఖిని ఉంటాయి. ఆకాశం గుండ్రం, భూమి చతురస్రం అన్న ప్రాచీన చైనీయుల ఊహకు ఇవి గుర్తులు. అటువంటి వృత్తలేఖినిని పటంతో వచ్చిన కరపత్రం 'కత్తెర' అని పరిచయం చేసింది! ఆ తప్పును నవ్వి వదిలేయవచ్చు గానీ, ఇది న్యూవా ఆకాశాన్ని అతికే దృశ్యమని రాయడాన్ని ఒప్పుకోలేను. ఐదు రంగుల రాళ్లను కరిగించి ఆకాశాన్ని అతికిన కథ, పెద్ద తాబేలు కాళ్లు నరికి నాలుగు దిక్కులకు స్తంభాలుగా నిలిపిన కథ క్రీస్తుపూర్వం 2వ శతాబ్దపు చైనా గ్రంథం 'హువైనాన్‌జి'లో ఉన్నాయి. ఈ పటంలో రాళ్లూ లేవు, తాబేలూ లేదు.

అసలు లోపం వేరే ఉంది. ఇటువంటి పటాల్లో తలల పైన సూర్యుడు, తోకల కింద చంద్రుడు ఉండటం ఆనవాయితీ. నాకు వచ్చినదాంట్లో కింది అంచును కర్రకు చుట్టి కుట్టేటప్పుడు చంద్రుడిలో సగానికి పైగా మడతలోకి పోయాడు. చనిపోయినవారికి విశ్వమంతా తోడుండాలన్నట్టు సమాధి పైకప్పుకు కట్టిన బొమ్మలో చంద్రుణ్ణి మడిచేస్తే మిగిలేది అలంకారమే.

ఇక గుడ్డ. పట్టు అని అమ్మారు. ట్యూబులైటు కింద అనుమానం కలిగించేంత మెరుస్తుంటే, అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించాను. వెంట్రుక కాలిన వాసన రాలేదు, పొడి బూడిదా మిగలలేదు. పోగు కరిగి నల్లని పూసలా గట్టిపడింది. అంటే పాలిస్టర్. మూలపు పటాల మసకబారిన అందాన్ని ఈ మెరుపు మింగేస్తుంది.

ఫొటోలు పంపి ఫిర్యాదు చేశాను. అమ్మినవారు వాదన లేకుండా 400 రూపాయలు వెనక్కి ఇచ్చారు, కొత్త విడతలో కింది అంచు పెంచుతామని రాశారు. ఆ విడత వచ్చి, గుడ్డ పేరు నిజాయితీగా రాస్తే 1,200 వరకు పెట్టవచ్చు. నా పటం ప్రస్తుతం గోడకు కాదు, పడకగది పైకప్పుకు ఉంది. మడత కుట్లు విప్పేశాను, ఇస్త్రీ గీత అడ్డంగా కనిపిస్తున్నా చంద్రుడు మాత్రం బయటికి వచ్చాడు.