మేకపాల సబ్బు ఇంట్లో చేసి నాలుగేళ్లు వాడాక

నాలుగేళ్లుగా మా ఇంట్లో స్నానానికి వాడేది నేను చేసిన మేకపాల సబ్బే. ఇప్పటికి ముప్పై బ్యాచ్‌లు దాటాయి, వాటిలో మూడు పారేయాల్సి వచ్చింది.

రెడీమేడ్ సబ్బు బేస్ కరిగించి పాలు కలిపి అచ్చులో పోసేది వేరే పద్ధతి. నేను చేసేది నూనెలు, పాలు, కాస్టిక్ సోడాతో మొదటినుంచీ చేసే కోల్డ్ ప్రాసెస్, అంటే పొయ్యిమీద ఉడికించకుండా చేసే పద్ధతి. కాస్టిక్ సోడా లేకుండా సబ్బే లేదు, కాబట్టి "కెమికల్ లేని సబ్బు" అనే మాట నమ్మకండి. లెక్క సరిగ్గా ఉంటే అదంతా నూనెతో కలిసి సబ్బుగా, గ్లిజరిన్‌గా మారిపోతుంది.

చాలా మార్పుల తర్వాత నేను స్థిరపడిన కొలత ఇది: ఆలివ్ నూనె 250 గ్రాములు, కొబ్బరి నూనె 150, ఆముదం 50, షియా బటర్ (షియా గింజల కొవ్వు) 50. ఈ 500 గ్రాముల నూనెకి కాస్టిక్ సోడా 70 గ్రాములు, గడ్డకట్టిన పాలు 140 గ్రాములు. ఇలా చేస్తే సుమారు 5 శాతం నూనె సబ్బుగా మారకుండా మిగిలి చర్మానికి మెత్తదనం ఇస్తుంది. కాస్టిక్ ఒక గ్రాము తగ్గినా పర్లేదు, పెరగకూడదు. నూనె మారిస్తే లెక్క మళ్లీ వేయాల్సిందే, ఎందుకంటే గ్రాము కొబ్బరి నూనెకి సుమారు 0.183 గ్రాముల కాస్టిక్ కావాలి, ఆలివ్‌కి 0.135 చాలు. నేను పారేసిన ఒక బ్యాచ్ ఇక్కడే పోయింది. త్రాసు బ్యాటరీ అయిపోవస్తోందని గమనించలేదు, తూకం తప్పింది, సబ్బు పెళుసుగా విరిగిపోయి నాలుకకి తాకిస్తే చురుక్కుమంది.

అసలు కష్టమంతా పాలతోనే. మొదటిసారి మామూలు చల్లటి పాలలో కాస్టిక్ వేశాను, ఆ వేడికి పాలలోని చక్కెర మాడి నిమిషాల్లో అంతా నారింజ రంగుకి తిరిగి, ఘాటైన అమ్మోనియా వాసన కొట్టింది. సబ్బు ఆరేకొద్దీ ఆ వాసన పోతుందని అప్పుడు తెలియక మొత్తం పారేశాను. ఇప్పుడైతే పాలని ముందే తూచి ఐసు ముక్కలుగా గడ్డకట్టిస్తాను, స్టీలు గిన్నెని ఐసు నీళ్లలో పెట్టి, కాస్టిక్‌ని చెంచా చెంచాగా వేస్తూ కలుపుతాను, దీనికి ఇరవై నిమిషాలైనా పడుతుంది, తొందరపడితే మళ్లీ అదే నారింజ రంగు. అల్యూమినియం గిన్నె మాత్రం అస్సలు వద్దు, కాస్టిక్ దాన్ని తినేస్తుంది, పైగా మంటంటుకునే హైడ్రోజన్ వాయువు వస్తుంది. కళ్లని కాపాడే గాగుల్స్, గ్లవ్స్ లేకుండా నేను మొదలే పెట్టను. ఒంటిమీద పడితే వెనిగర్ రాయకుండా ధారగా నీళ్లతో చాలాసేపు కడగాలి.

ఈ పాల మిశ్రమాన్ని నూనెల్లో కలిపి అచ్చులో పోశాక ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెడతాను. నీళ్లతో చేసే సబ్బులకి తువ్వాలు చుట్టి వెచ్చగా ఉంచుతారు కదా అని దీనికీ అలాగే చేస్తే, పాల చక్కెర వల్ల లోపల వేడెక్కి మధ్యలో పగిలి అచ్చు బయటికి పొంగింది. అది మూడో నష్టం.

తర్వాత ఆరబెట్టడానికి ఓపిక కావాలి. ఒకే బ్యాచ్‌లోవి నాలుగు వారాలకి ఒకటి, ఆరు వారాలకి ఒకటి, ఐదు నెలలకి ఒకటి వాడి చూశాను. నాలుగు వారాలది చాలా త్వరగా అరిగిపోయింది. ఐదు నెలలది గట్టిగా ఉండి, నురగ చిక్కగా వచ్చి, ఎక్కువ రోజులు నిలిచింది. ఆలివ్ ఎక్కువున్న సబ్బుని ఎంత ఆరబెడితే అంత మంచిది. వాడేటప్పుడు కూడా కింద నీళ్లు నిలవని పెట్టెలో ఉంచకపోతే జావగా కరిగిపోతుంది.

ఇంతకీ మేకపాల వల్ల లాభముందా? ఇదే కొలతతో పాలకి బదులు నీళ్లు పోసి ఒక బ్యాచ్ చేసి నెల రోజులు వాడాను. చర్మం విషయంలో నాకు తేడా తెలియలేదు, స్నానం తర్వాత బిగుతుగా లాగకపోవడం రెండింట్లోనూ ఒకటే. నా అభిప్రాయంలో ఆ గొప్పదనం సబ్బుగా మారకుండా మిగిలిన నూనెది, గ్లిజరిన్‌ది. కానీ నురగలో తేడా స్పష్టంగా ఉంది, పాల సబ్బు నురగ సన్నగా, మీగడలా ఉంటుంది, అందుకే ఇంత శ్రమ పడుతున్నా. పాలలోని లాక్టిక్ ఆమ్లం చర్మాన్ని మెరిపిస్తుందని చాలామంది రాస్తుంటారు, అది కాస్టిక్‌తో కలిసి అప్పటికే లవణంగా మారిపోయి ఉంటుంది. మొటిమలకీ ఎగ్జిమాకీ ఇది మందు కాదు, డాక్టర్ దగ్గరికే వెళ్లండి.

నచ్చనివీ ఉన్నాయి. తలకి వాడితే జుట్టు జిగటగా అయింది. ఉప్పు నీళ్లలో నురగ తగ్గి బకెట్‌కి తెల్లటి పొర పడుతుంది. ఏడాది దాటిన కొన్నిటిమీద నారింజ మచ్చలు వచ్చి పాత నూనె వాసన వేసింది, అందుకే ఇప్పుడు ఆరు నెలలకి సరిపడా మాత్రమే చేస్తున్నా.

కొత్తవాళ్లు పాలు మొత్తం పోసే పద్ధతితో మొదలుపెట్టొద్దు. 70 గ్రాముల కాస్టిక్‌ని 70 గ్రాముల చల్లటి నీళ్లలో కరిగించండి (కాస్టిక్‌నే నీళ్లలో వేయాలి, దానిమీద నీళ్లు పోయకూడదు). అది చల్లారాక నూనెల్లో కలిపి, మిగతా 70 గ్రాములు చల్లటి పాలుగా బ్లెండర్ తిప్పేటప్పుడు పోయండి. పాలు మాడే భయం బాగా తగ్గుతుంది. నురగ మొత్తం పాలతో చేసినదానికి కాస్త తక్కువే, అయినా నా చివరి నాలుగు బ్యాచ్‌లు ఇలాగే చేశాను.